నింపిపెట్టిన కెటిల్

క్రాగ్‌ఫోల్డ్
సెప్టెంబరు 1994

మర్టిల్ అక్కకి,

నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు సరిగ్గా సరిపోయాయి. అవి వేసుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. కానీ అసలు సంగతి మేజోళ్ళు కాదు. నీకు చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు.

కీళ్ళ నొప్పుల మాత్రలు అయిపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా వేళ్ళు అటూ ఇటూ వంచి చూసి, "మిసెస్ సగ్డెన్, మీ ఇంట్లో మెట్లు బాగా నిటారా?" అన్నాడు. మాత్రల కోసం వెళ్ళినదాన్ని మెట్ల గురించి అడగడమేమిటి? "వీధిలో అందరిళ్ళల్లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి" అన్నాను. ఆయన నవ్వి ఏదో రాసుకున్నాడు. నిన్న ఊరి కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అట, మిస్ గ్లెడ్‌హిల్ అట, మా ఇంటికి వస్తుందట. నేను ఎలా లేస్తానో, ఎలా కూర్చుంటానో, ఎలా వండుకుంటానో చూస్తుందట. చూసి, ఇంటికి ఏ మార్పులు కావాలో రాస్తే ప్రభుత్వం సొమ్ముతో కౌన్సిల్ వాళ్ళు చేయిస్తారట.

చదవడానికి ఎంత బాగుందో చూడు. కానీ నాకు అమ్మ గుర్తొచ్చింది. ఆ రోజు నల్లకోటు వేసుకున్నావిడ సంచి పట్టుకుని వచ్చి, పొయ్యి చూసి, పక్క ఎత్తి చూసి, "ఊరికే చూసి పోదామని వచ్చానమ్మా" అంది. ఆ చలికాలం వెళ్ళేలోగా అమ్మ కొండమీది ఇంట్లో ఉంది. దిక్కులేనివాళ్ళని తోసే బీదల గృహానికి పేరు మార్చి ముసలివాళ్ళ ఆసుపత్రి అన్నారు గాని, గోడలు అవే, ఇనుప మంచాలు అవే. అమ్మ మళ్ళీ మన గుమ్మం తొక్కలేదు. నా వంటింటి కిటికీలోంచి ఆ పొగగొట్టం ఇప్పటికీ కనిపిస్తుంది.

నాకు పెద్ద ఇబ్బందేమీ లేదక్కా. మెట్లు కాస్త నెమ్మదిగా ఎక్కుతాను, అంతే. వద్దని కబురు పెట్టనా?

నీ చెల్లెలు
ఎనిడ్


స్కార్‌బరో
సెప్టెంబరు

ఒసే ఎనిడ్,

వద్దని కబురు పెట్టావంటే నిన్ను మించిన తెలివితక్కువది ఉండదు. వద్దన్నవాళ్ళ మీదే వాళ్ళకి అనుమానం. రానీ. వచ్చి, చూసి, చల్లగా పోవాలి. ఎలాగో నేను చెబుతాను, చెప్పినట్టు చెయ్యి.

మా వీధిలో మిసెస్ పికరింగ్ అని ఉంది. ఆవిడ దగ్గరికీ ఇలాగే వచ్చారు. కాబట్టి వాళ్ళేం అడుగుతారో నాకు పూర్తిగా తెలుసు. కుర్చీలోంచి లేవమంటారు. అంచేత ఎత్తు కుర్చీలోనే కూర్చో, మీ ఆయన విల్ఫ్ పోయాక నువ్వు అతుక్కుపోయిన ఆ మెత్తటి గుంట కుర్చీ జోలికి పోకు. మంచం మీద పడుకుని లేవమంటారు. మెట్లెక్కమంటారు. ఆ పొద్దున మాత్రలు రెండింతలు వేసుకో. ఆఖర్న టీ పెట్టమంటారు. దాహమేసి కాదు. నువ్వు కెటిల్ ఎత్తగలవా, మరిగే నీళ్ళు ఒంటిమీద పోసుకుంటావా అని చూడ్డానికి. అంచేత ఆవిడ రాకముందే కెటిల్‌లో రెండు కప్పుల నీళ్ళు మాత్రమే పోసి పెట్టుకో, కుళాయి కింద పట్టే పని ఉండదు. టీ డబ్బా మూత వదులు చెయ్యి. పాలు చిన్న జగ్గులోకి వంపి ఉంచు. బుగ్గలకి కాస్త రంగు పులుముకో. నొప్పి అనే మాట నీ నోట్లోంచి రాకూడదు.

ఈ ఏడు గదులు అద్దెకిచ్చి అతిథుల్ని పెట్టుకోవడం మానేశాను. ఇల్లు పెద్దది, నాకు విసుగొచ్చింది. ఇప్పుడు నా కిటికీ ముందునుంచి పోయేవాళ్ళ టోపీలు చూస్తూ కూర్చుంటున్నాను. కొందరి టోపీలు చూస్తే నవ్వాగదు.

మర్టిల్


క్రాగ్‌ఫోల్డ్
అక్టోబరు

అక్కా,

ఆవిడ వచ్చింది, చూసింది, పోయింది. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు చూసి తిట్టకు.

నల్లకోటు కాదు, ఆకుపచ్చ స్వెట్టరు. చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. కొలతల టేపు మాత్రం ఉంది సంచిలో. శవపెట్టెకి కొలతలు తీసేవాడి దగ్గర కూడా అలాంటి టేపే ఉంటుంది కదా. గుమ్మం వెడల్పు, కుర్చీ ఎత్తు, మంచం ఎత్తు, బాత్రూములో తొట్టి అంచు, అన్నీ కొలిచింది. ఇంకా నయం, నన్ను కొలవలేదు.

నేను ముందురోజంతా ఇల్లు తోమాను. రాత్రి అవసరానికి మెట్ల పైన పెట్టుకునే బకెట్టు నసీమ్ వాళ్ళ పెరట్లో దాచాను. నసీమ్ అంటే పక్కింటి అమ్మాయి, రాసే ఉంటాను. "ఏంటాంటీ, రాణిగారొస్తున్నారా?" అని నవ్వింది. రాణిగారైతే ఇంత భయపడేదాన్ని కాదు.

మెట్లెక్కమంది. ఎక్కాను అక్కా. గోడ పట్టుకుని, పళ్ళు బిగబట్టి, చర్చికి వెళ్ళేదానిలా నిటారుగా ఎక్కాను. ఆవిడ నా వెనకే ఎక్కింది. పైకెళ్ళాక "రోజూ ఇలాగే ఎక్కుతారా?" అంది. "లేకపోతే ఎగురుతానా?" అన్నాను. నవ్వింది. రాసుకుంది.

ఇక టీ. అంతా నువ్వు చెప్పినట్టే. విల్ఫ్ వాళ్ళమ్మ పింగాణీ కప్పులు తీశాను. నీళ్ళు ఒక్క చుక్క ఒలకలేదు. ఆవిడ కప్పు చేతిలో పట్టుకుని, కుళాయి వైపు ఒకసారి, నా వేళ్ళ వైపు ఒకసారి చూసింది. "మిసెస్ సగ్డెన్, బాగాలేని రోజు ఎలా ఉంటుందో చెబుతారా? బాగున్న రోజు కాదు" అంది. ఎంత మెత్తగా అడిగిందో! ఆ మెత్తదనానికే నాకు భయమేసింది. "మాకు అన్నీ బాగున్న రోజులేనమ్మా, ఇంకో బిస్కెట్ తీసుకో" అన్నాను.

గుమ్మం దగ్గర ఆగి, "ఏదైనా గుర్తొస్తే ఫోన్ చెయ్యండి" అని కాగితం మీద నంబరు రాసిచ్చింది. ఆవిడ అలా వెళ్ళగానే నేను ఆ గుంట కుర్చీలో పడ్డాను. సాయంత్రం నసీమ్ వచ్చి లేపేదాకా లేవలేకపోయాను.

ఎనిడ్


స్కార్‌బరో
అక్టోబరు

శభాష్! ఎగురుతానా అన్నావా? అమ్మ విని ఉంటే మురిసిపోయేది. ఇక ఎవరూ నీ గుమ్మం తొక్కరు. ఆ నంబరు పొయ్యిలో పారెయ్యి.

మర్టిల్


క్రాగ్‌ఫోల్డ్
నవంబరు చివర

అక్కా,

కౌన్సిల్ జవాబు వచ్చింది. పెరటి గుమ్మానికి ఒక పట్టుకమ్మీ, కుళాయి తిప్పడానికి ఒక పిడి. అంతే. "మిసెస్ సగ్డెన్ తన పనులన్నీ స్వతంత్రంగా చేసుకుంటున్నారు" అని రాశారు. గెలిచాను. రెండుసార్లు చదివి, టేబుల్ మీద పెట్టి ఏడ్చాను.

నీకు అబద్ధం చెప్పాను. మెట్లు నెమ్మదిగా ఎక్కుతానన్నాను కదా. నేను ఎక్కడం లేదక్కా, పాకుతున్నాను. చేతులూ మోకాళ్ళూ ఆనించి, పసిపిల్లలా. దిగేటప్పుడు కూర్చుని ఒక్కో మెట్టూ జారుతున్నాను. స్నానాల గది పైనే, పక్క పైనే. అందుకని మధ్యాహ్నం దాటితే మంచినీళ్ళు కూడా ముట్టను. తలుపు దగ్గర ఆ మెట్లు నాకోసం కాచుకుని కూర్చున్నట్టుంటాయి. టీవీ చూస్తున్నా వాటి వైపే చూపు. పొద్దు వాలుతుంటే ఇక ఎక్కక తప్పదని గడియారం చూస్తూ కూర్చుంటాను. వయసు మళ్ళినదాన్ని, సొంత మెట్లకి భయపడుతున్నానని ఎవరికి చెప్పను?

క్రిస్మస్‌కి నీ దగ్గరికి రానా? నెల రోజులుండి పోతాను. నసీమ్ మొగుడు బస్సెక్కిస్తానన్నాడు. నీ పై గదిలోంచి లైట్‌హౌస్ వెలుగు చూస్తూ పడుకుంటే నాకు నిద్రపడుతుంది. అల్లం కేకు చేసుకొస్తాను.

ఎనిడ్


స్కార్‌బరో
డిసెంబరు

ఎనిడ్,

క్రిస్మస్‌కి కుదరదు. ఇంట్లో రంగులు వేస్తున్నారు, సామానంతా ఎక్కడిదక్కడ పడి ఉంది. వసంతకాలంలో చూద్దాం.

మెట్ల సంగతి ఇంకెవరితోనూ అనకు. ఆ పక్కింటి పిల్లతో అసలే వద్దు. మంచిపిల్లలే ఇలాంటివి నలుగురికీ చెప్పేది. నోరు మూసుకుని జాగ్రత్తగా ఉండు. పాకితే పాకావు, ఎవరు చూడొచ్చారు?

అల్లం కేకు పోస్టులో పంపు.

మర్టిల్


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు
జనవరి

అక్కా,

కంగారుపడకు. విరిగింది ఎడమ మణికట్టు, కనుక నీకు నా ఉత్తరాల బాధ తప్పలేదు. తుంటి దెబ్బ తిన్నది గాని విరగలేదు.

పొద్దున దిగుతూ జారాను. కింది మెట్టు దగ్గర కాలు మడతపడి అలాగే ఉండిపోయాను. వీధి తలుపు నా ఎదురుగానే, చెయ్యి చాస్తే అందేంత. అందుకోలేకపోయాను. నేల ఎంత చల్లగా ఉందో! కొంతసేపటికి నసీమ్ వచ్చి తలుపు కొట్టింది. "ఆంటీ! పరదాలు తియ్యలేదేంటి? ఆంటీ!"

ఇప్పుడు చెప్పేది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. నేను పలకలేదు. స్పృహలోనే ఉన్నాను, గొంతు ఉంది, నొప్పికి కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి, అయినా పలకలేదు. పలికితే అంబులెన్సు వస్తుంది, అంబులెన్సు వస్తే ఆసుపత్రి, ఆసుపత్రి తర్వాత కొండమీది ఇల్లు. నా మనసులో ఈ దారి ఒక్కటే ఉంది. కుడిచేత్తో నోరు మూసుకున్నాను. ఆ పిల్ల పిలుస్తూనే ఉంది. వెళ్ళిపోతే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను. వెళ్ళిపోతే చచ్చిపోయేదాన్ని కదా, అయినా అదే వేడుకున్నాను.

ఇంతలో తలుపులో ఉత్తరాలు పడేసే కంత మీది రేకు లేచింది. దాని వెనక రెండు కళ్ళు.

"ఆంటీ, మీ మేజోళ్ళు కనిపిస్తున్నాయి నాకు. పలకరేం? కోపమా నామీద?"

అక్కా, ఆ పిల్ల ఏడుస్తోంది. నేను చచ్చిపోయాననుకుంది. అప్పుడు పలికాను. "నీమీద కోపమెందుకే తల్లీ, తలుపు పగలగొట్టించు" అన్నాను.

అది అయ్యింది. ఇప్పుడు కొత్త భయం. మిస్ గ్లెడ్‌హిల్ నిన్న వార్డుకి వచ్చింది. నన్ను పంపించే ముందు ఒక పూట ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ చూస్తారట. ఆ తర్వాతే ఎక్కడికి పంపాలో తేలుస్తారట. ఎక్కడికి అనే మాట వినగానే దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. నిజం చూపిస్తే కొండమీదికి. మళ్ళీ నాటకమాడితే ఆ మెట్ల కిందికి. ఏది చెయ్యను? మీ మిసెస్ పికరింగ్‌ని అడిగి చెప్పు. ఆవిడ ఆ తర్వాత ఎలా ఉంది? బాగుందా?

ఎనిడ్


స్కార్‌బరో
జనవరి

ఎనిడ్,

నీ ఉత్తరం చదివి పొద్దుణ్ణించీ ఏమీ తినలేదు. ఆ పిల్ల కంతలోంచి చూడకపోతే ఏమయ్యేదో అని అదే ఆలోచన. మా తలుపుకున్న కంతలోంచి చూస్తే గోడ తప్ప ఏమీ కనిపించదు.

మిసెస్ పికరింగ్ గురించి నాకు తెలియదు. ఆవిణ్ణి చూసి చాలా రోజులైంది.

ఏం చెయ్యాలో ఈసారి నేను చెప్పను. చెప్పలేను. నాకు భయంగా ఉంది.

మర్టిల్


క్రాగ్‌ఫోల్డ్
ఫిబ్రవరి

అక్కా,

ఊరి పేరు చూశావుగా, ఇంట్లోనే ఉన్నాను. మొదటినుంచి చెబుతాను.

కారులోంచి దిగగానే కొండమీది పొగగొట్టం కనిపించింది. కారు తలుపు పట్టుకుని ఆగిపోయాను. మిస్ గ్లెడ్‌హిల్ పక్కనే నిలబడింది. లోపలికెళ్ళాక, "టీతో మొదలెడదామా?" అంది. కెటిల్ ఖాళీగా ఉంది. రెండు వారాలు ఆసుపత్రిలో ఉన్నదాన్ని, ఎవరు నింపి పెడతారు? ఉన్నది ఒక్క కుడిచెయ్యి, దాని సంగతి నీకు తెలుసు. కుళాయి కింద పట్టాను. నీళ్ళు సగానికి వచ్చేసరికి వేళ్ళు విచ్చుకున్నాయి. కెటిల్ తొట్టిలో దభీమని పడింది. స్వెట్టరంతా తడిసింది, ఆవిడదీ నాదీ.

ఆవిడ పట్టుకోవచ్చు, పక్కనే ఉంది. పట్టుకోలేదు. పడనిచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "చూడు, బాగా చూడు! ఇదీ నా టీ! ఇంకా చూస్తావా, రా!" అని మెట్ల దగ్గరికి వెళ్ళాను. కట్టుకట్టిన చెయ్యి గుండెకానించుకుని, మోకాళ్ళ మీద మొదలెట్టాను. స్కర్టు పైకి పోయింది, మేజోళ్ళు జారాయి, ముక్కు కారుతోంది. ఆరు మెట్లో ఏడు మెట్లో ఎక్కి ఇక కదల్లేక అక్కడే కూర్చుండిపోయాను. ఒకమ్మాయి ముందు ఇంత సిగ్గుపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

ఆవిడ వచ్చి నా కింది మెట్టు మీద కూర్చుంది. నేను అడిగేశాను. "ఇక నన్ను కొండమీదికి పంపేస్తావు కదా?"

ఆవిడకి అర్థం కాలేదు. అమ్మ సంగతి చెప్పాను. నల్లకోటు, పక్క ఎత్తి చూడటం, అన్నీ. ఆవిడ చేతిలో కాగితాలు పక్కన పెట్టింది. తర్వాత అంది: "మిసెస్ సగ్డెన్, మిమ్మల్ని ఈ ఇంట్లోంచి తీసుకెళ్ళడానికి నేను రాలేదండీ. ఇక్కడే ఉంచడానికి వచ్చాను. మీరు చెయ్యలేనిది నా కళ్ళతో చూస్తేనే నేను రాయగలను. పోయినసారి ఎంత చక్కటి టీ ఇచ్చారు! నీళ్ళు ముందే పోసి ఉంటారని అనిపించింది. కానీ అనిపించిందని రాస్తే కౌన్సిల్ ఒప్పుకోదు."

"పోయినసారే ఎందుకడగలేదు?"

"అడిగానండీ. మీరు బిస్కెట్ ఇచ్చారు."

ఇద్దరం మెట్ల మీదే కూర్చుని నవ్వాం. నేను నవ్వుతూనే ఏడ్చాను.

కింద గదిలో మంచం వేయించింది. కింద ఒక చిన్న స్నానాల గది, కూర్చోబెట్టి మెట్లెక్కించే కుర్చీ లిఫ్టు కావాలని రాసిందట. ఇంకా ఏదీ ఖాయం కాలేదు. కౌన్సిల్ ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాక వరసలో ఎదురుచూడాలి, ఎండాకాలం దాటుతుందేమో అంది. ఈలోగా పొద్దునా సాయంత్రం ఒకమ్మాయి వచ్చి సాయం చేసి పోతోంది. భయం పోలేదక్కా. కిటికీలో పొగగొట్టం ఉంది, తలుపు దగ్గర మెట్లున్నాయి. కానీ ఇప్పుడు భయపడుతున్నానని ఇంకొకరికి తెలుసు. అది చాలా తేడా.

ఇప్పుడు నీ సంగతి. పక్కమీద ఊరికే పడి ఉంటున్నాను కదా, నీ ఉత్తరాలన్నీ తీసి చదివాను. ఇదివరకు ఏ ఉత్తరంలోనైనా లైట్‌హౌస్ ఉండేది, పడవలుండేవి, కోట మీద పొగమంచు ఉండేది. అన్నీ నీ పై గది కిటికీలోంచి కనిపించేవే. నిరుటి వసంతం నుంచి టోపీలూ, పోస్టుమాన్ దగ్గూ తప్ప ఏమీ లేవు. అన్నీ కింది కిటికీవే. అతిథులు లేరు. నన్ను రానివ్వలేదు. రంగులు వేసేవాళ్ళు క్రిస్మస్‌కి పని చేస్తారా? ఎత్తు కుర్చీ, వదులు మూత, జగ్గులో పాలు, ఇంకొకరు చెబితే ఇంత వివరంగా తెలుస్తుందా?

అక్కా, లైట్‌హౌస్ ఎలా ఉంది?

ఎనిడ్


స్కార్‌బరో
మార్చి

ఎనిడ్,

చిన్నప్పటినుంచీ నీకు కళ్ళు ఎక్కువే.

మిసెస్ పికరింగ్ లేదు. నేనే. నిరుడు తల తిరిగి పై మెట్ల మీద పడ్డాను, రెండుసార్లు. డాక్టరు పంపితే ఒకావిడ వచ్చింది. అమ్మ నాకూ గుర్తొచ్చింది. బుగ్గలకి రంగు పులుముకుని, కెటిల్ నింపి పెట్టుకుని, ఎంత మంచి టీ ఇచ్చానో! కులాసాగా వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

అప్పట్నించీ ముందుగదిలోనే ఉన్నాను. మంచం లేదు, సోఫా మీద పడక. పైకి వెళ్ళి ఏడాది కావస్తోంది. పైన ఏదో కారుతున్న చప్పుడు వస్తోంది, ఏమిటో చూడలేను. స్నానం సంగతి అడగకు. అతిథులకి అంత బడాయిగా పక్కలు వేసి పెట్టినదాన్ని. పాలవాడికి గుమ్మం దగ్గర నవ్వుతూ కనిపిస్తాను, వాడు పోగానే గోడ పట్టుకుని కూలబడతాను. ఇప్పుడు నేను పడితే ఏమవుతుందో అదే నా భయం. నా తలుపు కంతలోంచి గోడ తప్ప కనిపించదని రాశాను కదా. అది చూసే రాశాను. పోస్టుమాన్ వెళ్ళాక నేనే తలుపు తీసి, బయటినుంచి వంగి చూశాను.

నిన్ను నేనే ఆ మెట్ల మీదికి తోసినట్టుంది. నాకు ఏ ధైర్యమూ లేదు, నీకు మాత్రం బోలెడు చెప్పాను.

ఎవరికీ చెప్పకు.

మర్టిల్


క్రాగ్‌ఫోల్డ్
ఏప్రిల్

అక్కా,

చెప్పేశాను. తిట్టుకో.

నీ ఉత్తరం అందిన పూటే మిస్ గ్లెడ్‌హిల్ నా మణికట్టు చూడ్డానికి వచ్చింది. కవరు ఆవిడ చేతిలో పెట్టాను. చదివి, కళ్ళు తుడుచుకుని, మీ ఊళ్ళో ఇదే పని చేసే ఆవిడకి ఫోన్ చేసింది. వచ్చే మంగళవారం పొద్దున మీ ఇంటికి వస్తుంది. నీకు నచ్చకపోతే తలుపు తియ్యకు, అది నీ ఇష్టం, బలవంతంగా ఎవరూ లోపలికి రారు. ఆ మాట ఆవిడ చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

నేనూ వస్తున్నాను. నసీమ్ మొగుడు సోమవారం తన వ్యానులో దింపుతాడు. నసీమ్ నీకోసం ఏవో కారం వడల్లాంటివి చేస్తోంది, తిని నోరు మండితే నన్నడక్కు. నేను నీ సోఫా పక్కన కుర్చీలో పడుకుంటాను. మనిద్దరిలో ఎవరం ఎవర్ని లేపుతామో దేవుడికే తెలియాలి.

కారుతున్నదేమిటో నసీమ్ మొగుడే పైకెళ్ళి చూస్తాడు. లైట్‌హౌస్ కూడా చూసి రమ్మని చెప్పాను.

భయపడతావని తెలుసు. నేనూ భయపడుతున్నాను, ఈ ఉత్తరం పోస్టు చెయ్యాలంటేనే. ఇల్లు తోమకు. బుగ్గలకి రంగు వద్దు. మాత్రలు ఎప్పటిలాగే వేసుకో. ఆవిడ బాగాలేని రోజు గురించి అడుగుతుంది, బిస్కెట్ ఇవ్వకు.

కెటిల్ మాత్రం నింపి పెట్టకు అక్కా. ఖాళీగానే ఉంచు.

నీ చెల్లెలు
ఎనిడ్